కాంటా చిట్టీలో 80 కిలోలు: ఒక రైస్ మిల్లులో డెవలపర్ మోడ్, అడ్మిన్ అనుమతుల కేసు

నల్లగొండలో ముగ్గురం కలిసి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం మాది. మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు లెక్కలు చూసే ప్రోగ్రాంను మేమే రాసి ఇచ్చాము. ఇక్కడ చెప్పబోయే తప్పులో పెద్ద వాటా మాదే. మిల్లు ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను కానీ సంఘటనల వరుసను మార్చలేదు.

నేపథ్యం

సాగర్ ఎడమ కాలువ కింద పండిన సన్నాలను కోత మిషన్ నుంచి నేరుగా, పచ్చిగానే ట్రాక్టర్ ట్రాలీలో పోసుకొని మిల్లుకు తెచ్చి అమ్ముకోవడం ఇక్కడి రైతులకు అలవాటు. యాసంగి కోతలు ఊపందుకుంటే బండ్లు గేటు దాటి రోడ్డు మీద బారులు తీరతాయి. గేటు దగ్గర నమోదు, శాంపిల్ తీసి తేమ చూడడం, ధర ఖాయం చేయడం, కాంటా మీద తూకం, దింపుడు, ఆ తర్వాత చెల్లింపు: ప్రోగ్రాంలో ఈ మెట్లలో ఒక్కోదానికి ఒక్కో పాత్ర పెట్టాము. మనిషికి నేరుగా అనుమతులు ఇవ్వకుండా పనికి తగిన పాత్రకు అనుమతులిచ్చి, మనిషిని ఆ పాత్రలో కూర్చోబెట్టే ఈ పద్ధతిని డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ 1992లో ఒక పత్రంగా రాశారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణంగా వచ్చింది. కాగితం మీద మా పాత్రలు ఆ పద్ధతికి తగ్గట్టే ఉన్నాయి.

పాత్రల పట్టికకు బయట రెండు ద్వారాలు మిగిలాయి. ఒకటి 'అడ్మిన్' అనే ఖాతా. ప్రోగ్రాంను జాంగోలో, అంటే వెబ్ ప్రోగ్రాంలు రాయడానికి వాడే ఒక సిద్ధమైన చట్రంలో రాశాము. జాంగోలో సూపర్‌యూజర్ అని గుర్తు పెట్టిన ఖాతాకు ఏ అనుమతీ విడిగా ఇవ్వనక్కరలేదు. ఫలానా పని చేయవచ్చా అని ప్రోగ్రాం అడిగిన ప్రతిసారీ చేయవచ్చనే జవాబు వస్తుంది. కొత్త మనిషికి లాగిన్ తెరవడానికని మిల్లు యజమాని సేటు గారికి ఆ ఖాతానే అప్పగించాము. రెండోది డెవలపర్ మోడ్. ప్రోగ్రాం పెట్టిన మొదటి వారంలో ఎక్సెల్ నుంచి తెచ్చిన పాత లెక్కలను సరిచేయవలసి వచ్చింది. ముగిసిన తూకం చిట్టీలను ఎవరూ మార్చకుండా ప్రోగ్రాంలో వేసిన తాళం ప్రతిసారీ అడ్డం వస్తున్నందువల్ల, తెర మీద ఒక మీట పెట్టి, అది నొక్కితే సర్వర్ ఆ తాళాన్ని చూడకుండా వదిలేసేలా రాసుకున్నాము. పని అయిన తర్వాత తీసేద్దామనుకున్నాము, తీయలేదు. అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయినవారికి ఆ మీట తెర కింది మూలన బూడిదరంగులో కనిపిస్తూనే ఉండేది.

వచ్చిన సమస్య

ఏప్రిల్‌లో ఒక రైతు చెల్లింపు కోసం ఆఫీసుకు వచ్చాడు. ఆయన చేతిలోని చిట్టీలో గ్రాస్ (బండితో కలిపి బరువు) 10,160, టేర్ (ఖాళీ బండి బరువు) 3,740, నెట్ (వడ్ల బరువు) 6,420 కిలోలు. కంప్యూటర్‌లో అదే నంబరు చిట్టీకి టేర్ 3,820, నెట్ 6,340. తేడా 80 కిలోలు. ఆ రోజు ధర క్వింటాలుకు 2,300 లెక్కన 1,840 రూపాయలు. సేటు గారు అక్కడికక్కడే తేడా కట్టి ఇచ్చి రైతును పంపేశారు. అయితే తేమ పేరుతో, తరుగు పేరుతో మిల్లులు కోస్తాయన్న మాట ఊళ్లలో ఎప్పుడూ ఉండేదే. చేతిలో ఒక అంకె, కంప్యూటర్‌లో ఒక అంకె ఉన్నదని బయట తెలిస్తే మరుసటి రోజు బండ్లు పక్క మిల్లుకు తిరుగుతాయి.

అనుమానం మొదట కాంటా ఆపరేటర్ మీద పడింది. అతను పాతికేళ్లు నిండని యువకుడు, ఉద్యోగంలో చేరి ఏడాది. "నేను చిట్టీ తీసినంక మల్ల ముట్టలేదు సార్" అన్నది తప్ప అతని దగ్గర వేరే సాక్ష్యం లేదు. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో ప్రోగ్రాం రాసి ఉంచే లాగ్ తెరిచి చూస్తే రాత్రి 9.40కి చిట్టీ మారిందని, మార్చింది అడ్మిన్ అని ఉంది. ఆ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసని అడిగితే లెక్క ఐదుగురి దగ్గర ఆగింది. కాంటా ఆపరేటర్ ఆ ఐదుగురిలో లేడు. అయినా 'ఎవరో చెప్పి ఉంటారు' అన్న మాట చాలు, అతన్ని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేయడానికి సిద్ధమయ్యారు. లాగ్ ఉన్నది దొంగను పట్టుకోవడానికే అని అప్పటిదాకా అనుకునేవాళ్లం. తప్పు చేయనివాడిని కాపాడడం కూడా దాని పనేనని, అడ్మిన్ అన్న ఒక్క మాట ఆ పని చేయలేదని ఆ రోజు తెలిసింది. రెండు రోజులు గడువు ఇవ్వమని సేటు గారిని అడిగాము.

అసలు జరిగింది తెలుసుకోవడానికి ఒక రాత్రంతా పట్టింది. రద్దీ రోజుల్లో రోజూ వచ్చే బండ్లను ఖాళీగా మళ్లీ తూచరు. బండి నంబరు కింద ముందే రాసిపెట్టిన టేర్‌ను తీసుకుంటారు. ఆ ట్రాక్టర్ ఉదయం ఒక ట్రాలీతో, రాత్రి మరో బరువైన ట్రాలీతో వచ్చింది. కొనుగోలు సూపర్‌వైజర్ అది గమనించి, నిజాయితీగానే, టేర్‌ను 3,820గా సరిచేశాడు. తన లాగిన్‌తో ఆ పట్టిక తెరుచుకోకపోవడంతో అడ్మిన్‌తో వెళ్లి, డెవలపర్ మోడ్ మీట నొక్కాడు. తాళం పనిచేసి ఉంటే ఉదయపు చిట్టీ కదిలేది కాదు. తాళాన్ని సర్వర్ చూడలేదు కాబట్టి, టేర్ మారగానే ఆ బండికి ఆ రోజు పడిన చిట్టీలన్నింటినీ తిరిగి లెక్కకట్టింది. దొంగ ఎవరూ లేరు. సూపర్‌వైజర్‌కు తాను చిట్టీ మార్చానన్న సంగతే తెలియదు.

చేసి చూసినవి, చెడినవి

ముందుగా మీటను తీసేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, దాన్ని సేటు గారి దగ్గరే ఉంచాము. కారుతున్న చోట ముందు కట్ట వేయాలన్నది మా ఆలోచన. అందులో తప్పు లేదు. కానీ ఆ మీటతో మిల్లు ఏ పనులు నడుపుకుంటున్నదో అడగకుండానే తీసేశాము. మూడో రోజు రాత్రి ఫోన్ వచ్చింది: "సార్, బండి నంబరు తప్పు పడ్డది, ఎనక ఇరవై బండ్లు ఆగినయ్." దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ ద్వారా లోపలికి వెళ్లి మేమే సరిచేశాము. తర్వాతి రాత్రి మళ్లీ అదే. వారం తిరిగేసరికి లాగ్‌లో 19 సవరణలు మా పేరు మీద ఉన్నాయి. అంతకుముందు ఐదుగురు పంచుకున్న అడ్మిన్ స్థానంలో ఇప్పుడు మేము కూర్చున్నాము, అంతే. పైగా మాకు కాంటా కనిపించదు, బండి కనిపించదు. ఫోన్‌లో ఎవరు ఏ అంకె చెబితే అది కొట్టడం తప్ప గత్యంతరం లేదు.

తర్వాత పాత్రలను పెంచాము. రాత్రి కాంటాకు ఒకటి, టేర్ మార్చగల కాంటాకు ఒకటి, సెలవు రోజు గేటుకు ఒకటి. ప్రోగ్రాం వాడేవారు 26 మంది ఉన్న మిల్లులో పాత్రలు 17కు చేరాయి. పనులను బట్టి కాక మనుషులను బట్టి పాత్రలు కుట్టామని అప్పుడు తోచలేదు. ఆ వేసవిలో పెళ్లి ముహూర్తాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. సెలవు మీద వెళ్లినవారి పాత్రను మరొకరికి అదనంగా ఇచ్చేవారు, తిరిగి తీసేసేవారు లేరు. మూడు వారాల తర్వాత పట్టిక వేసి చూస్తే తొమ్మిది మందికి అక్కరలేని పాత్రలు ఉన్నాయి, ఒకరికి చిట్టీ రాసే పాత్రా, చెల్లింపును ఆమోదించే పాత్రా రెండూ ఉన్నాయి. ఒకే మనిషి రెండు కొసలూ పట్టుకోకుండా చేయడమే మొత్తం ఏర్పాటు ఉద్దేశం. అదే పోయింది.

కాంటా గదిలో ఒకే కంప్యూటర్. ఉదయం ఎవరు లాగిన్ అయితే రాత్రిదాకా వారి పేరు మీదే చిట్టీలు పడేవి. వేలిముద్ర యంత్రం పెడితే ఈ చిక్కు తీరుతుందనుకున్నాము. వడ్ల దుమ్ములో, నూనె చేతులతో, అరిగిన వేళ్లతో అది రెండు రోజులు సతాయించింది. మూడో రోజు దాని మీద టీ గ్లాసు ఉంది.

గుమాస్తా మాట

దారి చూపింది మిల్లులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారు. కంప్యూటర్ అంటే ఆయనకు గిట్టదు. ఇప్పటికీ చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం) చేత్తో రాసుకుంటారు. మేము టేబుల్ మీద పాత్రల పట్టిక పరుచుకొని తర్జనభర్జన పడుతుంటే ఆయన తన చిట్టా తెచ్చి ఒక పేజీ తిప్పారు. ఒక అంకె మీద ఒకే ఒక అడ్డగీత ఉంది. పాత అంకె గీత కింద స్పష్టంగా చదవవచ్చు. పక్కన కొత్త అంకె, దాని కింద రెండు పొట్టి సంతకాలు, తేదీ. "చిట్టాల గీకుడు ఉండొద్దు బిడ్డా. కొట్టేసి పక్కకు రాయాలె, ఇద్దరు సంతకం పెట్టాలె. గీకినోని చెయ్యి ఎవరిదో ఎవనికీ తెల్వదు" అన్నారు.

చిట్టీని ఎవరు మార్చవచ్చన్న ప్రశ్నతో రెండు నెలలు కుస్తీ పట్టాము. ఆ పేజీ చూశాక ప్రశ్నే మారింది: చిట్టీ అసలు మారడం ఎందుకు? ముగిసిన చిట్టీని అడ్మిన్‌తో సహా ఎవరూ మార్చలేకుండా చేసి, తప్పు ఉంటే దాని పక్కన సవరణ చిట్టీ పడేలా చేస్తే, మార్చే అనుమతి అన్నదే ఉండనక్కరలేదు. ఇవ్వని అనుమతిని ఎవరూ పంచుకోలేరు. ఇదే మాట అంతకుముందు మిల్లు ఆడిటర్ ఇంకో రూపంలో అన్నారు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే, ఆపడానికి వీలులేని ఆడిట్ ట్రయల్ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ మిల్లు భాగస్వామ్య సంస్థ కాబట్టి తమకు వర్తించదని సేటు గారు, మేమూ ఆ మాటను పక్కన పెట్టాము.

పనిచేసినవి

మొదట చిట్టీ తానే టేర్ అంకెను మోసేలా చేశాము. అంతకుముందు చిట్టీ బండ్ల పట్టికలోని టేర్‌ను వేలెత్తి చూపేది, అంకెను తనలో ఉంచుకునేది కాదు. ఇప్పుడు తూకం వేసిన క్షణంలో ఉన్న టేర్ చిట్టీలోకి నకలు అవుతుంది, పట్టికలోని టేర్‌కు ఎప్పటినుంచి అమలన్న సమయం ఉంటుంది. ఇది అనుమతుల సంగతి కాదు, లెక్క రాసుకునే తీరు సంగతి. కానీ ఏప్రిల్ నాటి 80 కిలోలకు మూలం ఇక్కడే ఉంది; ఇది సరిచేయకుండా పాత్రలు ఎన్ని మార్చినా రోగం ఒకచోట, మందు ఒకచోట అయ్యేది.

సవరణ చిట్టీని కాంటా మనిషి అడగాలి, కొనుగోలు సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. ఒకరికి రెండు పాత్రలూ ఉన్నా, తాను అడిగినదాన్ని తానే ఒప్పుకోలేరు. పాత్ర ఏమిటని మాత్రమే కాక, ఈ సవరణను అడిగింది ఎవరని కూడా సర్వర్ చూస్తుంది. 2004 ప్రమాణంలో పాత్రల విభజనకు రెండు తరగతులు ఉన్నాయి: పొసగని రెండు పాత్రలను ఒక మనిషికి అసలే ఇవ్వకపోవడం, ఇచ్చినా ఒకే లాగిన్‌లో రెండింటినీ తెరవనివ్వకపోవడం. మనుషులు తక్కువైన మిల్లులో మొదటిది నడవదు. రెండోదాన్ని లాగిన్ మార్చి దాటేయవచ్చు. అందుకే విభజనను చిట్టీ దగ్గరే పెట్టాము.

రాత్రిపూట ఒప్పుకునే సూపర్‌వైజర్ లేకపోతే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. ఒక రాత్రంతా కాంటా గదిలో కూర్చొని చూశాము. డ్రైవర్‌కు కావలసింది సరుకు దింపి వెళ్లిపోవడం. అంకె సరికావడం ఉదయానికి అయినా ఫరవాలేదు. మొన్నటిదాకా ఈ రెండూ ఒకే తొందర అనుకున్నాము. కాబట్టి సవరణ కోసం ఆగిన చిట్టీకి చెల్లింపు మాత్రమే ఆగుతుంది, బండి ఆగదు. అర్ధరాత్రి ఫోన్లు దీంతోనే తగ్గాయి. మా మిగతా ప్రోగ్రాం తెలివి ఏదీ ఇంత పనిచేయలేదు.

పాత్రలను ఆరుకు దించాము. సెలవు బదులుకు ఇచ్చే పాత్రకు ముగింపు తేదీ రాయనిదే ప్రోగ్రాం ఒప్పుకోదు. కాంటా కంప్యూటర్‌లో ప్రతి చిట్టీ ముగింపులో ఎవరి నాలుగంకెల పిన్ వారు కొట్టాలి. పాస్‌వర్డ్ కన్నా పిన్ బలహీనమే. అయితే ఆ గదిలోకి బయటివారు రారు, తలుపు మీద కెమెరా ఉంది. మాకు కావలసింది ఈ చిట్టీ ఎవరిదన్న జవాబు, దానికి ఇది చాలుతుంది.

అడ్మిన్ సంగతికి వస్తే, సూపర్‌యూజర్ గుర్తును మిల్లులో ఎవరికీ లేకుండా తీసేశాము. దాని బదులు నిర్వాహక పాత్ర ఒకటి చేశాము. లాగిన్లు తెరవడం, మూయడం, పాత్రలు ఇవ్వడం దాని పని. చిట్టీని, ధరను, చెల్లింపును అది చూడగలదు గానీ రాయలేదు, తనకు తాను మరో పాత్ర ఇచ్చుకోలేదు. దాన్ని రోజువారీ కొనుగోళ్లలో లేని సేటు గారి అబ్బాయికి ఇచ్చారు. సేటు గారు కొంచెం నొచ్చుకున్నారు. "మిల్లు నాది, తాళం నాకు లేదా?" అన్న మాటకు జవాబు వెతుక్కోవలసి వచ్చింది. మీ పేరు మీద ఇంకెవరూ ఏదీ మార్చలేదని రైతు ముందు మీరే చెప్పగలగాలి కదా అంటే, కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఆ రోజు సవరణలన్నీ ఒక పేజీగా సాయంత్రం ప్రింట్ అవుతాయి. స్టాకు కాగితంతో పాటు ఆయన సంతకం చేస్తారు. అంతకుముందు తయారుచేసిన లాగ్ తెరను నెలకు ఒకసారి కూడా ఎవరూ తెరవలేదు.

డెవలపర్ మోడ్‌ను పూర్తిగా తీసేయలేదు. మోడ్ అంటే తెర మీద ఏది కనిపించాలన్నది. అనుమతి అంటే సర్వర్ ఏది ఒప్పుకోవాలన్నది. ఈ రెండింటినీ ఒకే మీటకు కట్టడమే మా మొదటి తప్పు. ఇప్పుడు ఆ మోడ్ ఫీల్డుల అసలు పేర్లు, డేటాబేస్‌ను అడిగిన ప్రతి ప్రశ్నకు (క్వెరీకి) పట్టిన సమయం మాత్రం చూపుతుంది. అది ఆన్‌లో ఉన్నదా లేదా అన్నది సర్వర్ అడగనే అడగదు. అదీ మా ఆఫీసులోని పరీక్ష కాపీలోనే ఉంది. ఆ కాపీలోకి తెచ్చే ముందు రైతుల బ్యాంకు ఖాతా, ఆధార్, పాస్‌బుక్ నంబర్లను చెరిపేస్తాము. నిజం చెప్పాలంటే అంతకుముందు అవన్నీ మా ల్యాప్‌టాప్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉండేవి.

డేటాబేస్ దగ్గర తిన్న దెబ్బ

ప్రోగ్రాంలో తాళం వేసినా, డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లినవారికి అది అడ్డు కాదు కాబట్టి, ముగిసిన చిట్టీని మార్చనివ్వని నియమాన్ని మేము వాడే డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లోనే పెట్టాలనుకున్నాము. 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి అందులో రో లెవెల్ సెక్యూరిటీ, అంటే పట్టికలోని ఏ వరుసను ఎవరు చూడవచ్చో, మార్చవచ్చో నియమం పెట్టే వీలు ఉంది. నియమం రాసి, వేరే ఖాతాతో పరీక్షిస్తే చక్కగా ఆపింది. నమ్మకంతో మిల్లులో పెట్టాము. మర్నాడు మా ప్రోగ్రాం ద్వారానే ఒక పాత చిట్టీని మార్చి చూస్తే, ఏ అడ్డూ లేకుండా మారింది. పట్టికకు యజమాని అయిన ఖాతాకు ఆ నియమాలు మామూలుగా వర్తించవు. వర్తించాలంటే 'ఫోర్స్' అని విడిగా చెప్పాలి. మా ప్రోగ్రాం డేటాబేస్‌లోకి వెళ్లేది ఆ యజమాని ఖాతాతోనే. పరీక్షకు వాడిన ఖాతా వేరు, మిల్లులో నడిచే ఖాతా వేరు అన్న చిన్న సంగతిని మేము పట్టించుకోలేదు.

ఫోర్స్ పెడితే సరిపోతుందా అని వాదించుకున్నాము. సరిపోదని తేలింది: యజమాని ఖాతా ఆ నియమాన్నే తీసేయగలదు, డేటాబేస్‌కు ఉండే సూపర్‌యూజర్‌కు ఎలాగూ అది అడ్డు రాదు. కాబట్టి ఖాతాలను విడదీశాము. ప్రోగ్రాం నడిచే ఖాతాకు పట్టికల మీద యాజమాన్యం లేదు, చిట్టీల పట్టికలో కొత్త వరుస చేర్చే హక్కు ఉంది, ముగిసిన వరుసను మార్చే హక్కు, చెరిపే హక్కు లేవు. పట్టికల నిర్మాణం మార్చవలసినప్పుడు మాత్రమే యజమాని ఖాతా తెరుస్తాము.

ఆ యజమాని పాస్‌వర్డ్ ఎక్కడ ఉండాలన్నది చివరి తగవు. మా దగ్గరే ఉంటే పాత కథ మళ్లీ మొదలు. సేటు గారి ఫోన్‌లో ఉంటే ఐదుగురికి తెలియడానికి వారం చాలు. కవరులో పెట్టి, అతికి, అతుకు మీద మా సంతకం, ఆయన సంతకం వేసి, ఆఫీసులోని ఇనుప పెట్టెలో పెట్టాము. తెరిచిన రోజు కారణం, సమయం కవరు వెనక రాయాలి, పని కాగానే పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టాలి.

తర్వాతి వానాకాలం పంటకు ఆ కవరు ఒక్కసారే తెరుచుకుంది. సర్వర్ డిస్క్ నిండిపోయి చిట్టీలు ఆగిన రాత్రి మా కుర్రాడు నల్లగొండ నుంచి బైక్ మీద వెళ్లాడు. సేటు గారు నిద్రలేచి వచ్చి పెట్టె తీసేసరికి 2.15 అయింది, బండ్లు కదిలేసరికి 3.05. ఆ యాభై నిమిషాలు కాంటా ఆపరేటర్ చేత్తో చిట్టీలు రాశాడు, ఏప్రిల్‌లో ఉద్యోగం పోబోయిన అదే కుర్రాడు. ఒక చిట్టీలో టేర్ తప్పు రాసి, గీకకుండా అడ్డగీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, ఇంకో సంతకానికి గుమాస్తా గారి కోసం తెల్లవారేదాకా ఆపి ఉంచాడు.